పాప్ స్మియరా, హెచ్‌పీవీ టెస్టా, వీఐఏనా? సర్వైకల్ స్క్రీనింగ్‌లో మీకు సరిపోయేది ఏది

పాతికేళ్లు దాటిన అమ్మాయిని థైరాయిడ్ ఎంతుందని అడిగితే చెబుతుంది. హిమోగ్లోబిన్ ఎంతో చెబుతుంది. సర్వైకల్ స్క్రీనింగ్ చేయించుకున్నావా అంటే మాత్రం “నాకేం ప్రాబ్లం లేదు కదా” అంటుంది. గర్భాశయ ముఖద్వార (సర్వైకల్) క్యాన్సర్‌ని ముందే పసిగట్టే ఆ పరీక్ష, ఏ ప్రాబ్లమూ లేనప్పుడు చేయించుకోవాల్సిందే. గర్భాశయ ముఖద్వారం దగ్గర హెచ్‌పీవీ అనే వైరస్ తిష్ఠ వేస్తే, అక్కడి కణాలు కొద్దికొద్దిగా మారి క్యాన్సర్ కావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అందులో చాలా కాలం నొప్పి ఉండదు, రక్తం కనబడదు. ఆ లోపల పట్టుకుంటే చిన్న చికిత్సతో ఆగిపోతుంది. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ.

అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, సుమారు 80,000 మంది చనిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

చేయించుకుందామని అనుకున్నవాళ్లలోనూ చాలామంది పేర్ల దగ్గరే ఆగిపోతున్నారు. ఆశా కార్యకర్త ఒక పేరు చెబుతుంది, ల్యాబ్ ప్యాకేజీలో ఇంకో పేరు ఉంటుంది, అమెరికాలో ఉన్న అక్క మూడోది చెబుతుంది. ఏది మంచిదో తేల్చుకోలేక వాయిదా వేస్తారు. వాళ్ల కోసమే ఈ పోలిక.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వయసు. హెచ్‌పీవీ చాలా మామూలు వైరస్. దాంపత్య జీవితం మొదలైన తర్వాత ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. అందుకే ఇరవై రెండేళ్ల అమ్మాయికి హెచ్‌పీవీ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చే అవకాశం ఎక్కువ, దానికి అర్థం మాత్రం తక్కువ. అనవసరపు టెన్షన్, ఒక్కోసారి అనవసరపు చికిత్స. ముప్ఫై దాటాక కూడా వైరస్ కనిపిస్తే అది పోకుండా నిలబడిపోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు అదే పరీక్షకు విలువ వస్తుంది.

రెండోది, పరీక్ష ఎంత నమ్మకంగా పట్టుకుంటుంది అన్నది. మూడోది, ఎన్నిసార్లు తిరగాలి. ఒక పూట కూలి పోయినా కష్టమయ్యేవాళ్లకి రిపోర్టు కోసం మళ్లీ రమ్మనడమే పెద్ద అడ్డంకి. నాలుగోది సిగ్గు. దీన్ని చిన్న విషయంగా కొట్టేయకూడదు. పరీక్ష చేసేది ఆడవాళ్లా, తెర ఉందా, గదిలోకి ఎవరైనా వచ్చిపోతారా అన్నది ముందే కనుక్కోవడం మీ హక్కు. ఐదోది ఖర్చు.

ఆరోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో వయసు తర్వాత అతి ముఖ్యమైనది అదే. పాజిటివ్ వస్తే తర్వాత ఎక్కడికి వెళ్లాలి? క్యాంపు పెట్టి పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన మనిషికి ఒక చీటీ ఇచ్చి పంపిస్తే ఆ పరీక్ష వల్ల ప్రయోజనం లేదు, భయం మాత్రమే మిగులుతుంది. కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో దగ్గరగా చూసే పరీక్ష) ఎక్కడ చేస్తారు, ఎవరు చూస్తారు అన్నదానికి జవాబు చెప్పగలిగిన చోటే పరీక్ష చేయించుకోండి.

## ఒక్క చూపులో

| | వీఐఏ | పాప్ స్మియర్ / ఎల్‌బీసీ | హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్ |
|---|---|---|---|
| ఏం చూస్తారు | ఎసిటిక్ యాసిడ్ రాశాక తెల్లబడే మచ్చలు | మారిన కణాలు | వైరస్ ఉందా లేదా |
| ఎవరికి | 30 దాటినవాళ్లకి, మెనోపాజ్ రాకముందు | 21–25 నుంచి | 30 దాటినవాళ్లకి. కొన్ని దేశాల్లో 25 నుంచి |
| ఫలితం | అప్పటికప్పుడే | కొన్ని రోజులు | కొన్ని రోజులు |
| నెగటివ్ వస్తే మళ్లీ | 5 ఏళ్లకి (మన ప్రభుత్వ పద్ధతి) | 3 ఏళ్లకి | 5 ఏళ్లకి |
| సొంతంగా శాంపిల్ తీసుకోవచ్చా | కుదరదు | కుదరదు | కుదురుతుంది |
| ఖర్చు | ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం | ప్రైవేటులో సాధారణంగా వందల్లో | ప్రైవేటులో సాధారణంగా వేలల్లో |

## వీఐఏ: ఊళ్లో దొరికేది

పీహెచ్‌సీలో, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో చేసేది ఎక్కువగా ఇదే. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్‌ని, అంటే పల్చటి వెనిగర్ లాంటిదాన్ని, దూదితో ముఖద్వారం మీద రాస్తారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. కాస్త చురుక్కుమనొచ్చు, అంతే. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 30–65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి దీన్నే సూచిస్తున్నాయి.

ల్యాబ్ అక్కర్లేదు, రిపోర్టు కోసం తిరగక్కర్లేదు. ఏదైనా కనిపిస్తే, పరికరం ఉన్నచోట అదే రోజు చికిత్స కూడా చేసేయొచ్చు. లోపం కూడా అక్కడే ఉంది: అంతా చూసే మనిషి కంటి మీద ఆధారపడుతుంది. శిక్షణ బాగా ఉన్న నర్సు చేతిలో పనికొస్తుంది, లేకపోతే తప్పుతుంది. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన పెద్ద అధ్యయనంలో, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి వీఐఏ చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. డాక్టర్లు కూడా కాదు, శిక్షణ పొందిన మామూలు మహిళలు. కాబట్టి “అది పేదవాళ్ల పరీక్ష, పనికిరాదు” అన్న మాట నమ్మొద్దు. మెనోపాజ్ తర్వాత మాత్రం చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి అమ్మకి, అత్తయ్యకి ఇది అంతగా సరిపోదు.

## పాప్ స్మియర్: అందరూ పేరు విన్నది

చిన్న బ్రష్‌తో ముఖద్వారం మీది కణాలు తీసి స్లైడ్ మీద రాసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఎల్‌బీసీ అంటే అదే పరీక్షకు మెరుగైన రూపం. బ్రష్‌ని స్లైడ్ మీద రాయకుండా ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. శాంపిల్ పాడవడం తక్కువ, అవసరమైతే అదే సీసాలోంచి హెచ్‌పీవీ పరీక్ష కూడా చేయొచ్చు. ధరలో తేడా మీకు భారం కాకపోతే ఎల్‌బీసీయే అడగండి.

పాప్ బలహీనత ఏమిటంటే ఒక్కసారి చేస్తే కొన్ని మార్పులు తప్పిపోతాయి. మూడేళ్లకోసారి క్రమం తప్పకుండా చేయించుకునేవాళ్లకి ఆ లోటు తీరిపోతుంది. ఒకసారి చేయించుకుని పదేళ్లు మర్చిపోయేవాళ్లకి తీరదు. మీరు ఏ రకమో మీకు తెలుసు.

## హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్: నేను ముందు పెట్టేది

ముప్ఫై దాటినవాళ్లకి, డబ్బు పెట్టగలిగితే, నా మొదటి ఓటు దీనికే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్నే ముందు వరసలో పెట్టింది: మామూలు మహిళలకు 30 నుంచి, ఐదు నుంచి పదేళ్లకోసారి. కారణం గట్టిది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో లక్షా ముప్ఫై వేలకు పైగా మహిళలతో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. కొన్ని ఊళ్లలో హెచ్‌పీవీ, కొన్నిట్లో పాప్, కొన్నిట్లో వీఐఏ, మిగతా ఊళ్లలో మామూలు వైద్యం. ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతో ఆ ఊళ్లలో ముదిరిన క్యాన్సర్లు, మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్కసారితో అలాంటి స్పష్టమైన తేడా మిగతా రెండిటిలో కనిపించలేదు. మన పొరుగు పల్లెల్లాంటి పల్లెల్లో, మనలాంటి ఆడవాళ్ల మీద వచ్చిన ఫలితం ఇది.

నెగటివ్ వస్తే ఐదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉందని కాదు, వైరస్ ఉందని. ఈ రెండిటికీ తేడా తెలియక రిపోర్టు చేతిలో పట్టుకుని ఏడ్చేవాళ్లున్నారు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఈ వైరస్ ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. పాజిటివ్ రిపోర్టును బట్టి అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. దాన్ని పట్టుకుని భార్యనో భర్తనో అనుమానించడం అన్యాయం.

### సొంతంగా శాంపిల్ తీసుకోవడం

లోపలి పరీక్ష అంటేనే వణికిపోయే అమ్మాయిలకు ఇది మంచి మార్గం. పొడవాటి మెత్తటి స్వాబ్ ఇస్తారు. బాత్రూంలో తలుపేసుకుని, యోనిలోకి కొన్ని అంగుళాలు పెట్టి, కిట్‌లో చెప్పినన్నిసార్లు మెల్లగా తిప్పి, ట్యూబులో పెట్టి మూత బిగించాలి. ముఖద్వారం దాకా తగలక్కర్లేదు. ఎవరూ చూడరు. మంచి ల్యాబ్ పద్ధతితో చేస్తే, డాక్టరు తీసిన శాంపిల్‌కి దాదాపు సమానంగా పనిచేస్తుంది. మేడ్చల్ చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఈ పద్ధతిని పరీక్షించి చూశారు. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి స్క్రీనింగ్‌కి వచ్చే ఎవరైనా ఇదే కోరుకోవచ్చు.

పాజిటివ్ వస్తే మాత్రం డాక్టరు చూడక తప్పదు. ఆ రెండో అడుగు వేస్తానని మనసులో ముందే అనుకున్నాకే కిట్ తెప్పించుకోండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

25 లోపు. మీరు డబ్బు పెట్టాల్సింది పరీక్ష మీద కంటే వ్యాక్సిన్ మీద. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ సహా మన దగ్గర దొరుకుతున్న టీకాలు, ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన హెచ్‌పీవీ 16, 18 రకాల నుంచి కాపాడతాయి. ఖమ్మం జిల్లా వాళ్లకి ఈ టీకా పేరు చెబితే 2009 నాటి ప్రాజెక్టు గుర్తొస్తుంది. గిరిజన బాలికలకు టీకా వేశాక కొందరు చనిపోయారన్న వార్తలతో 2010లో దాన్ని ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించడం లేదని చెప్పింది, తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే. ఆ తప్పు అనుమతి తీసుకున్నవాళ్లది. మీ అమ్మాయికి టీకా వేయించకపోవడానికి అది కారణం కాకూడదు. టీకా వేయించుకున్నవాళ్లు కూడా వయసొచ్చాక స్క్రీనింగ్ చేయించుకోవాలి, ఎందుకంటే అన్ని రకాల వైరస్‌లనూ అది ఆపదు.

25–29. ఇక్కడే దేశానికో మాట. మన ప్రభుత్వ పద్ధతి 30 నుంచి మొదలవుతుంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2020 నుంచి 25కే హెచ్‌పీవీ టెస్ట్ అంటోంది. బ్రిటన్‌లోనూ 25 నుంచే. అదే అమెరికాలో ఇంకో మార్గదర్శక బృందం 21 నుంచి 29 దాకా మూడేళ్లకోసారి పాప్ అని చెబుతూ వచ్చింది. మన దగ్గర పెళ్లై నాలుగైదేళ్లైన 27 ఏళ్ల అమ్మాయి నన్ను అడిగితే, ఒక పాప్ లేదా ఎల్‌బీసీ చేయించుకో, ముప్ఫై వచ్చాక హెచ్‌పీవీకి మారు అంటాను.

30 దాటి, ఊళ్లో ఉంటున్నవాళ్లు. హెచ్‌పీవీ కోసం పట్నం వెళ్లే రోజు కోసం ఎదురుచూడొద్దు. ఏఎన్‌ఎంని అడిగి వీఐఏ చేయించుకోండి. తిరుపతి చుట్టుపక్కలైతే స్విమ్స్ ఆసుపత్రి వాళ్లు క్యాన్సర్ పరీక్షలకు తిప్పే పింక్ బస్ మీ మండలానికి ఎప్పుడొస్తుందో కనుక్కోండి. తోడికోడలినో, పక్కింటామెనో వెంట తీసుకెళ్తే ఇద్దరికీ ధైర్యం.

పెళ్లికాని అమ్మాయిలు. ఎప్పుడూ ఎవరితోనూ శారీరక సంబంధం లేకపోతే ప్రమాదం చాలా తక్కువ, ఈ పరీక్ష అవసరం సాధారణంగా ఉండదు. సంబంధం ఉంటే పెళ్లైనవాళ్లకి వర్తించేదే మీకూ వర్తిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, రిసెప్షన్‌లో నలుగురి ముందు “పెళ్లైందా?” అని అడగడం. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి వెళ్లనివాళ్లు ఎంతమందో. రిజిస్ట్రేషన్ దగ్గర “గైనిక్ కన్సల్టేషన్” అని మాత్రం చెప్పండి, మిగతాది గదిలో డాక్టరుతో. అదీ కష్టమనిపిస్తే, ముప్ఫై దగ్గర పడ్డవాళ్లకి సొంత శాంపిల్ కిట్ నయం.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఈ మార్పులు ఐదు నుంచి పదేళ్లలోనే ముదరొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 నుంచి, మూడు నుంచి ఐదేళ్లకోసారి అంటుంది. హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడగండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు. బ్రిటన్‌లో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర రిజిస్టర్ అయి ఉంటే 25 దగ్గర పడేసరికి పిలుపు వస్తుంది. చదువుకోడానికి వెళ్లిన అమ్మాయిలు దాన్ని ఏదో ప్రకటన అనుకుని పక్కన పడేస్తుంటారు. పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు, ఆడ నర్సే కావాలని అడగొచ్చు. అమెరికాలో చాలా ఇన్సూరెన్సుల్లో ఇది నివారణ సేవ కిందికి వస్తుంది కాబట్టి మీ జేబులోంచి కట్టాల్సిన వాటా (కో-పే) ఉండదు. అక్కడ అందుబాటులో ఉన్నదాన్ని వదిలేసి, ఇండియా వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు.

లక్షణాలు ఉన్నవాళ్లు. కలయిక తర్వాత రక్తం, నెలసరి మధ్యలో రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, మెనోపాజ్ తర్వాత రక్తం. వీటిలో ఏ ఒక్కటున్నా పై పట్టిక మీకు కాదు. ఏ వయసైనా నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

## ఆ రోజు ఏం జరుగుతుంది

నెలసరి రోజుల్లో కాకుండా చూసుకోండి. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టే మందులు, లోపల కడుక్కోవడం వద్దు. చుడీదార్ కంటే చీర, లంగా, పొడవాటి కుర్తా వేసుకుంటే సౌకర్యం, పూర్తిగా విప్పాల్సిన పనుండదు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి దూరంగా పెట్టమంటారు. బాతు ముక్కులా ఉండే స్పెక్యులం లోపలికి పెట్టి మెల్లగా తెరుస్తారు. చల్లగా, బిగుతుగా అనిపిస్తుంది. భయంతో నడుము ఎత్తేస్తే నొప్పి ఎక్కువ. ఊపిరి నోటితో మెల్లగా వదులుతూ నడుము బల్లకి ఆనిస్తే తగ్గుతుంది. “చిన్న సైజు పెట్టండి”, “ఒక్క నిమిషం ఆగండి” అని చెప్పొచ్చు. చెప్పినా ఆగకపోతే లేచి వచ్చేయొచ్చు, ఇంకో చోట చేయించుకోవచ్చు. మొత్తం ఐదు నిమిషాల పని.

## రిపోర్టు వచ్చాక

పాప్ రిపోర్టులో “ఇన్‌ఫ్లమేషన్” అన్న మాట చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. అది క్యాన్సర్ కాదు. “అస్కస్”, “ఎల్‌సిల్” అంటే స్వల్ప మార్పు లేదా అనుమానం. వయసును బట్టి మళ్లీ పరీక్షో కాల్పోస్కోపీయో చెబుతారు. “హెచ్‌సిల్” అంటే ఆలస్యం చేయకుండా కాల్పోస్కోపీకి వెళ్లాలి. భూతద్దం లాంటి పరికరంతో చూసి, అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉన్న పెద్ద కేంద్రాలు. బోధనాసుపత్రుల గైనిక్ విభాగాల్లోనూ కాల్పోస్కోపీ గురించి అడగండి.

మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. “గర్భసంచికి పుండైంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం” అన్న మాట విని ముప్ఫై ఏళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. ఆ “పుండు” అనేది చాలాసార్లు ముఖద్వారం మీద సహజంగా కనిపించే ఎర్రదనం మాత్రమే. స్క్రీనింగ్ పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో గర్భసంచి తీయరు. క్యాన్సర్‌కి ముందు దశ మార్పులకు థర్మల్ అబ్లేషన్ (వేడితో కాల్చడం), క్రయోథెరపీ (గడ్డకట్టించడం), లీప్ (కరెంటు తీగతో ఆ భాగం తీసేయడం) లాంటి చిన్న చికిత్సలున్నాయి. ఎక్కువగా అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు, గర్భసంచి ఉంటుంది, పిల్లల్ని కనొచ్చు. లీప్ తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంచెం పెరగొచ్చు. మరీ చిన్న వయసులో పరీక్షలు, చికిత్సలు తొందరపడి చేయొద్దనడానికి అదొక కారణం. బయాప్సీ రిపోర్టు చూపించకుండా ఎవరైనా ఆపరేషన్ అంటే, కాగితాలన్నీ తీసుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నెగటివ్ వస్తే రిపోర్టు ఫోటో తీసి పెట్టుకోండి. ఏ పరీక్షో, ఏ తేదీనో అందులో కనబడాలి. మళ్లీ ఎప్పుడో ఫోన్ క్యాలెండర్‌లో అప్పుడే వేసేయండి: పాప్ అయితే మూడేళ్లకి, హెచ్‌పీవీ, వీఐఏ అయితే ఐదేళ్లకి. ఆ ఫోటోని మీ చెల్లికో, మరదలికో, ఆఫీసులో పక్క సీటు అమ్మాయికో చూపించి, ఎక్కడ చేయించుకున్నారో, ఎంతైందో, నొప్పి ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. తను వెళ్లే రోజు కుదిరితే మీరూ వెంట వెళ్లండి.